స్టీల్ నుంచి ఇంకొనెల్‌కు గ్రేడింగ్: 80 శాతం దగ్గరే పగులు ఎందుకు?

కొలిమి: 304ఎల్ స్టెయిన్‌లెస్ స్టీల్‌తో మొదలుపెట్టి, పొర పొరకూ ఇంకొనెల్ 625 (నికెల్ మిశ్రలోహం) పొడి వాటాను పెంచుతూ లేజర్ డిపోజిషన్‌తో (లోహపు పొడిని లేజర్‌తో కరిగిస్తూ పొరలుగా పేర్చే పద్ధతి) ఒక నమూనా కట్టాను. స్టీల్ 80 శాతం ఉన్న చోట అడ్డంగా పగిలింది. మెట్టును 10 శాతం నుంచి 5కు తగ్గిస్తే చాలా? హీట్ ట్రీట్‌మెంట్ ఏ లోహానికి తగినట్టు చేయాలి?

నాజిల్: ముందు, ఫీడర్‌లో (పొడిని పంపే పరికరంలో) మార్చిన పాళ్లు పొడి బయటికొచ్చే నాజిల్ దాకా రావడానికి ఎంతసేపు పడుతోందో కొలిచారా? మా యంత్రంలో గొట్టం పొడవు వల్ల 5 సెకన్లు పట్టేది. సెకనుకు 10 మిల్లీమీటర్లు నడిచే హెడ్‌కు అది 50 మిల్లీమీటర్ల దారి. మీ 80ని నేను నమ్మను.

సూక్ష్మదర్శిని: నాజిల్ గారూ, ప్రతి చర్చలోనూ మీది ఇదే లెక్క. 40 మిల్లీమీటర్ల చదరంలో అర మిల్లీమీటరు ఎడంతో 80 గీతలు గీస్తే పొరకు 320 సెకన్లు పడుతుంది. అందులో 5 సెకన్లు ఏపాటి? 18 ఏళ్లుగా పగుళ్లను పాలిష్ చేసి చూస్తున్నవాడిగా చెబుతున్నాను, ఇది నయోబియం, మాలిబ్డినం కార్బైడ్ల (ఆ లోహాలు కార్బన్‌తో కలిసి ఏర్పడే పెళుసు సమ్మేళనాల) పని. పెన్ స్టేట్ పరిశోధకులు 2016లో ఇదే జతలో 79 శాతం స్టీల్ దగ్గర పగుళ్లు చూశారు.

నాజిల్: ఆయన ఆకారమే చెప్పలేదు, చదరమని మీకెవరు చెప్పారు? ఒంటి గీత గోడైతే 40 మిల్లీమీటర్ల పొర 4 సెకన్లలో ముగుస్తుంది, పాళ్లు పొరకు మించి వెనకబడతాయి. ముక్క చల్లారాక చేతికందుకునే వారికి ఈ బాధ తెలియదు.

సూక్ష్మదర్శిని: ఎత్తిపొడుపులు అనవసరం. ఈడీఎస్ లైన్ స్కాన్ (ఒక గీత వెంట ఏ మూలకం ఎంతుందో ఎక్స్-రేలతో కొలిచే పరీక్ష) చేయిస్తే తేలిపోతుంది.

వనేడియం: మీ జత నయం. టైటానియం 64 మిశ్రలోహం నుంచి నేరుగా స్టీల్‌కు వెళ్లబోతే ఐరన్-టైటానియం సమ్మేళనాల పెళుసుదనంతో నా ముక్క బల్ల మీదే విరిగింది. మధ్యలో వనేడియం పెడితే స్టీల్ వైపు సిగ్మా ఫేజ్ అనే మరో పెళుసు పదార్థం వచ్చింది. అందుకే పాళ్లను తిన్నగా పెంచుకుంటూ పోకుండా, పగిలే పాళ్లను దాటేసి వెళ్లాలంటాను.

కొలిమి: నాది 60 మిల్లీమీటర్ల ఒంటి గీత గోడే. స్కాన్ చేయించాను, 80 అని రాసుకున్న చోట 86 ఉంది.

సూక్ష్మదర్శిని: కింది పొర కరిగి కలిసినా అంత తేడా వస్తుంది. కార్బైడ్ల మాట వెనక్కి తీసుకోను.

కొలిమి: హీట్ ట్రీట్‌మెంట్ సంగతి ఎవరైనా చెప్పండి.

నాజిల్: ముందు మీ గొట్టం పొడవెంతో చెప్పండి.