కోతి గుర్తుంది, ఉప్పెంతో గుర్తులేదు

గుణుపురం ఆశ:
నేను ఆశ కార్యకర్తని. విరేచనాలైన బిడ్డకి పట్టే ఓఆర్ఎస్ ప్యాకెట్టు దొరకనప్పుడు ఇంట్లోనే ఉప్పు, పంచదార నీళ్లు ఎలా కలపాలో నిన్న తల్లులకి ఫోన్లో వీడియో చూపించాను. మొదట్లోనే ఢమాల్‌మని చప్పుడు, చెంబు పట్టుకుని గెంతే కోతిబొమ్మ, వెనక డప్పులు. అందరూ పగలబడి నవ్వారు. అయ్యాక "లీటరు నీళ్లకి ఉప్పెంత?" అంటే ఒకావిడ గుప్పిట మూసి చూపించింది! అర టీ చెంచా అని వీడియోలో రెండుసార్లు చెప్పారు. ఉప్పెక్కువైతే బిడ్డకే ప్రమాదం. నాకు టెన్షన్ పట్టుకుంది. మీకూ ఇలాగే అవుతోందా?

పర్లాకిమిడి మాస్టారు:
ఇది పాత గొడవేనమ్మా. అమెరికాలో మోర్గాన్ న్యూ అనే ఆయన కొలత పరికరాల మీద తీసిన పాఠం సినిమాకి ఇలాంటి హంగులు చేర్చి చూశాడు. 1951లో అచ్చయింది. హంగుల వల్ల నేర్చుకున్నది పెరగలేదు. 2000లో మొరేనో, మేయర్ అనే పరిశోధకులు మెరుపు ఎలా పుడుతుందో చెప్పే పాఠానికి వెనక సంగీతం పెడితే, అది విన్నవాళ్లకి సంగీతం లేకుండా చూసినవాళ్లకన్నా తక్కువ గుర్తుంది. మా ఏడో తరగతిలో నేను చూస్తున్నదీ అదే. పాట బాగా పాడతారు, ప్రశ్న వేస్తే నేలచూపులు.

జయపురం కుర్రాడు:
మాస్టారూ, మీకు తరగతి గది ఉంది, పిల్లలు లేచిపోరు. మేం సంతలో చూపిస్తాం. డప్పు లేకపోతే ఒక్కడూ ఆగడు.

పర్లాకిమిడి మాస్టారు:
జనం పోగయ్యేదాకా డప్పు కొట్టించు తమ్ముడూ, ఎవరొద్దన్నారు? ఉప్పు కొలిచేటప్పుడు ఆపెయ్. అప్పుడు తెరనిండా చెంచా ఒక్కటే కనపడాలి.

రాయగడ అక్క:
భాష సంగతి ఎవరూ ఎత్తరేం? ఆ వీడియో ఒడియాలో ఉండుంటుంది. చూసేవాళ్లలో తెలుగువాళ్లు, సవరలు. గబగబా చెప్పే మాట అందకపోతే కళ్లు కోతి మీదికే పోతాయి మరి. మా వైపు నేనైతే సౌండ్ కట్టేసి నేనే చెప్తాను.

గుణుపురం ఆశ:
అక్కా, మీరన్నట్టే ఇవాళ సౌండ్ తీసేశాను. చెంచా ఆ గుప్పిటావిడ చేతికే ఇచ్చాను. ఉప్పు గుట్టగా తీసింది. వేలితో అంచుదాకా గీయించి, అందులో సగం తీసేయమన్నాను. పంచదార ఆరు చెంచాలు ఆమే పైకి లెక్కపెట్టి, ఒక్కోటీ అంచుకి గీసి మరీ వేసింది. పక్కావిడ సరిచూసింది. వీడియో ఆడింది గానీ ఎవరూ పెద్దగా చూడలేదు.

పిల్లలు మాత్రం కోతికి మాట పోయిందని ఒకటే గోల.