‘ది స్టోరీ ఆఫ్ ఆర్ట్’: పెద్ద ప్రతి కొనాలా, చిన్నదా?

ప్రశ్న:
కళా చరిత్రకారుడు గోంబ్రిచ్ రాసిన చిత్ర, శిల్ప కళల కథ ‘ది స్టోరీ ఆఫ్ ఆర్ట్’ కొందామనుకుంటున్నాను. పెద్ద సైజుదీ, చేతిలో ఇమిడేదీ రెండూ దొరుకుతున్నాయి. తేడా ఏమిటి? 28 అధ్యాయాలూ వరసగా చదవాలా? 1950లో మొదట వచ్చిన పుస్తకం, ఇప్పటికీ పనికొస్తుందా?

జవాబు 1:
ఇంట్లో కూర్చుని చదివేటట్టయితే కళ్ళు మూసుకుని పెద్దది తీసుకోండి. చూపించలేని బొమ్మ గురించి మాట్లాడకూడదని గోంబ్రిచ్ నియమం పెట్టుకున్నారు. పెద్ద ప్రతిలో మాట, బొమ్మ పక్కపక్కనే ఉంటాయి. 2006 నాటి చిన్న ప్రతిలో మాటలన్నీ ముందు, బొమ్మలన్నీ వెనక. దానికి రెండు బుక్‌మార్కులు పెట్టుకోవాల్సిందే. లేకపోతే రెండో అధ్యాయానికే బొమ్మలు తిప్పి చూడడం మానేస్తారు, అక్కడితో పుస్తకం చచ్చిపోతుంది.

ఆ రెండో అధ్యాయమే చూడండి. ఈజిప్టు సమాధిలోని తోట బొమ్మ: కొలను పైనుంచి చూసినట్టు, చేపలూ చెట్లూ పక్కనుంచి చూసినట్టు. హెసిరే అనే ప్రాచీన ఈజిప్టు అధికారి బొమ్మ చెక్కిన చెక్క పలకలో రెండు పాదాలూ బొటనవేలి వైపు నుంచే కనిపిస్తాయి, మనిషికి రెండూ ఎడమ కాళ్ళే అన్నట్టు. చేతకాక అలా వెయ్యలేదు, ప్రతి అవయవాన్నీ బాగా పోల్చుకోగలిగే వైపు నుంచి చూపించాలన్నది వాళ్ళ పద్ధతి అంటారాయన. ఆ పాదాలు చూస్తూ చదివితే ఒక్క పేరాలో పని అయిపోతుంది. ఏ కాలానికి వెళ్ళినా చిత్రకారుడి ముందున్న చిక్కేమిటో ముందు చెప్పి, ఆ తర్వాతే బొమ్మలోకి తీసుకెళ్తారు. ఈ పుస్తకం మీద ప్రేమంతా నాకు అందుకే.

జవాబు 2:
వరసగానే చదవండి. ముందు అధ్యాయంలో తేలిన చిక్కే తర్వాతి దానికి కొత్త చిక్కు తెచ్చిపెడుతుంది, మధ్యలో దూరితే ఆ తాడు తెగుతుంది.

ఒక్క జాగ్రత్త, కొలతలు. ఫ్లెమిష్ చిత్రకారుడు వాన్ ఐక్ 1434లో వేసిన ఆర్నోల్ఫీని దంపతుల పటం సుమారు 82 × 60 సెంటీమీటర్లు. పికాసో ‘గెర్నికా’ దాదాపు 3.5 × 7.8 మీటర్లు. ఏ పుస్తకంలో అచ్చయినా రెండూ ఒక పేజీ బొమ్మలైపోతాయి! టేపుతో గోడ మీద కొలిచి చూసుకోండి. ఆర్నోల్ఫీని పటంలో వెనక గోడ అద్దం చుట్టూ పది చిన్న గుండ్రటి బొమ్మలున్నాయి, చిన్న అచ్చులో అవి చుక్కల్లా అలుక్కుపోతాయి. లండన్ నేషనల్ గ్యాలరీ వెబ్‌సైట్‌లో పెద్దది చేసి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. పాత ప్రతి అయినా ఫర్వాలేదా?

జవాబు 3:
1995 నాటి 16వ ముద్రణ అయితే తీసుకోండి. బాగా పాతవాటిలో చాలా బొమ్మలు నలుపు తెలుపే, వెలుగూ రంగులే ప్రాణమైన ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే అధ్యాయానికి అవి ఎందుకూ కొరగావు. మడత విప్పే పేజీలు చిరిగాయేమో చూడండి. నున్నటి కాగితం తడిస్తే పేజీలు అతుక్కుంటాయి, లాగితే బొమ్మ ఊడొస్తుంది, కాబట్టి అంచులు వేళ్ళతో విడదీసి చూశాకే డబ్బివ్వండి.

లోటు కూడా చెప్పాలి. 16వ ముద్రణలో కూడా కనిపించే మహిళా కళాకారిణి జర్మనీకి చెందిన కేటె కోల్విట్జ్ ఒక్కరే. మన దేశం గాంధార శిల్పం దగ్గర అలా తొంగిచూసి వెళ్ళిపోతుంది. ఐరోపా కథగా దీన్ని మించింది చదవలేదు, మిగతా ప్రపంచానికి మాత్రం పక్కన వేరే పుస్తకం ఉంచుకోండి.