కూలర్ బ్రాకెట్ రాలేదు: అది వచ్చేలోగా కంప్యూటర్‌ను ఎంతవరకు బిగించుకోవచ్చు?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారి ఫొటో స్టూడియో కోసం ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను మొదటిసారిగా నేనే బిగిస్తున్నాను. ఇంటెల్ ఐ5-12600కె ప్రాసెసర్, డీడీఆర్4 రకం బి660 మదర్‌బోర్డు, రెండు 16 జీబీ ర్యామ్‌లు, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (విద్యుత్ సరఫరా పెట్టె), కాబినెట్ అన్నీ చేతికి వచ్చాయి. ఈ ప్రాసెసర్‌తో పాటు కూలర్ ఇవ్వరు కనుక ప్రాసెసర్‌ను చల్లబరచడానికి గోపురంలా నిలిచే ఒక టవర్ కూలర్‌ను విడిగా కొన్నాను. తీరా పెట్టె విప్పి చూస్తే అందులో ఎల్‌జీఏ 1200 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) వరకు పనికివచ్చే బ్రాకెట్ (కూలర్‌ను బోర్డుకు పట్టి ఉంచే బిగింపు) ఉందే తప్ప, నాకు కావలసిన ఎల్‌జీఏ 1700 బ్రాకెట్ లేదు. అమ్మినవారిని అడిగితే సంక్రాంతి సెలవుల తర్వాత పంపుతామనీ, పది పన్నెండు రోజులు పట్టవచ్చనీ చెప్పారు.

మాఘమాసంలో పెళ్లిళ్ల ఆల్బమ్‌ల పని ఒక్కసారిగా వచ్చిపడుతుంది. ఇప్పుడు వాడుతున్న ఐ7-4770 యంత్రం పెద్ద ఫైళ్లు తెరిచినప్పుడల్లా నిలిచిపోతోంది. దాని మీద ఉన్న పాత కూలర్‌ను తాత్కాలికంగా కొత్త బోర్డుకు బిగించవచ్చా? వీలుకాకపోతే, కూలర్ లేకుండా ఒక్క నిమిషం ఆన్ చేసి అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూడవచ్చా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (కరీంనగర్ నుంచి)

రెండూ చేయవద్దు. మీ పాత 4770 ఎల్‌జీఏ 1150 సాకెట్‌ది. 1150 నుంచి 1200 వరకు కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, 1700 సాకెట్‌కు అది 78 మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్లే కదా అని బలవంతంగా నొక్కితే కూలర్ పిన్నులు విరుగుతాయి, బోర్డు వంగుతుంది. ఆసుస్ తయారుచేసిన, బి660 వంటి కొన్ని 600 శ్రేణి బోర్డులకు రెండు కొలతల రంధ్రాలూ ఉంటాయి కనుక మీ బోర్డు మాన్యువల్ ఒకసారి చూడండి. అయితే కొత్త సాకెట్ ఎత్తు పాతవాటి కంటే కొంచెం తక్కువ కావడం వల్ల, రంధ్రాలు కుదిరినా పాత కూలర్ ప్రాసెసర్ మీద తగినంత గట్టిగా ఆనకపోవచ్చు.

ఇక కూలర్ లేకుండా ఆన్ చేయడం గురించి. 100 డిగ్రీలకు చేరగానే ఈ ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి ఆగకపోతే పూర్తిగా ఆగిపోతుంది. ఆ రక్షణ ఉంది కదా అని దాన్ని పరీక్షించి చూడడం మంచిది కాదు. పైగా కొన్ని క్షణాల్లోనే ఆగిపోయే యంత్రంతో మీరు దేన్నీ పరీక్షించలేరు.

నాకు మీ బ్రాకెట్ కంటే పెద్ద చింత ఇంకొకటి ఉంది. మిగిలిన భాగాలను మార్చి ఇచ్చే గడువు అవి మీ చేతికి వచ్చిన రోజు నుంచే లెక్కకు వస్తుంది. బ్రాకెట్ వచ్చాకే అన్నీ చూసుకుందామని కూర్చుంటే, ర్యామ్‌లోనో బోర్డులోనో లోపం బయటపడేసరికి ఆ గడువు దాటిపోతుంది. బిల్లులన్నీ ముందు పెట్టుకుని ఏ భాగానికి ఎన్ని రోజులు మిగిలాయో ఈ రోజే రాసుకోండి.

జవాబు (కాజీపేట నుంచి, కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నాను)

పై సోదరులు చెప్పిన గడువు మాట నిజం. దానికి తేలికైన దారి ఒకటి ఉంది. ఐ5-12400 వంటి 65 వాట్ల ప్రాసెసర్లతో పాటు ఇంటెల్ ఇచ్చే లామినార్ ఆర్‌ఎం1 అనే చిన్న కూలర్ మీ 1700 సాకెట్‌కు నేరుగా సరిపోతుంది. పెద్ద కూలర్ పెట్టించుకున్నవారు దీన్ని దుకాణంలోనే వదిలి వెళ్తుంటారు. నా దగ్గరే రెండు ఉన్నాయి, వచ్చి ఒకటి తీసుకువెళ్లండి, పని అయ్యాక తిరిగి ఇవ్వండి. మీ 12600కె మూల శక్తి 125 వాట్లు, గరిష్ఠం 150 వాట్లు కనుక బయోస్‌లోకి (ఆన్ చేయగానే నడిచే, బోర్డులోని అమరికల ప్రోగ్రామ్) వెళ్లి ఆ రెండు పరిమితులనూ 65 వాట్లకు తగ్గించుకోండి. వేగం కొంత తగ్గుతుంది, అయినా ఆల్బమ్ పనికి మీ 4770 కంటే ఎంతో నయం.

బోర్డును ఇప్పుడే కాబినెట్‌లో పెట్టవద్దు. దాని అట్టపెట్టె మీద పరిచి ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అక్కడే అమర్చండి. బోర్డుతో వచ్చిన వెండి రంగు సంచి మీద మాత్రం పెట్టి ఆన్ చేయకండి, దాని పైపొర గుండా కరెంటు ప్రవహించే అవకాశం ఉంది. సాకెట్‌లోని పిన్నులకు వేలు తగలనివ్వకండి. లివర్ వేయగానే ఊడి వచ్చే నల్లటి ప్లాస్టిక్ మూతను జాగ్రత్తగా దాచుకోండి, బోర్డును ఎప్పుడైనా వారంటీకి పంపవలసి వస్తే సాకెట్‌కు అదే రక్షణ. ర్యామ్‌లను ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండవ, నాలుగవ స్లాట్లలో పెట్టండి. చిన్న కూలర్ నాలుగు పిన్నులను ఎదురెదురు మూలల వరుసలో నొక్కి, బోర్డును తిప్పి నాలుగూ వెనుకకు పూర్తిగా దిగాయో లేదో చూడాలి. బోర్డు బయట ఉంటేనే అది సరిగా కనిపిస్తుంది, టవర్ కూలర్ వెనుక పలకను బిగించడానికి కూడా అదే సులువు. ఈ ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంది కనుక మానిటర్‌ను నేరుగా బోర్డుకే తగిలించవచ్చు.

బయోస్ గురించి చింత వద్దు. మీ ప్రాసెసర్ 2021 నవంబరులో, బి660 బోర్డులు 2022 జనవరిలో వచ్చాయి కనుక అప్‌డేట్ లేకుండానే బోర్డు దాన్ని గుర్తిస్తుంది. ఈ చలికాలపు పొడిగాలిలో స్వెటర్ వేసుకుని కూర్చుంటే స్థిర విద్యుత్ పుడుతుంది, నూలు బట్టలు వేసుకోండి. స్టూడియో పాత భవనంలో ఉంటే ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ముందే చూపించండి. ఎర్తింగ్ లేని ఇళ్లలో కాబినెట్‌ను ముట్టుకుంటే జివ్వుమనడం నేను తరచుగా చూస్తుంటాను.

జవాబు (మంచిర్యాల నుంచి)

బోర్డును పరిచి, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే పేస్ట్ రాసి, ఆ టవర్ కూలర్‌నే బిగించకుండా ప్రాసెసర్ మీద నిలబెట్టి బయోస్ వరకు చూడవచ్చు. నేను ఒకసారి అలా చేశాను, అయిదు నిమిషాల్లో పని అయిపోయింది.

జవాబు (కరీంనగర్ నుంచి)

మీకు కుదిరి ఉండవచ్చు, కానీ మొదటిసారి బిగిస్తున్నవారికి ఆ సలహా ఇవ్వకూడదని నా అభిప్రాయం. అరకిలోకు పైబడిన లోహపు రెక్కల గోపురం ఫ్యాన్ వైరు తగిలి ఒరిగితే బోర్డు మీద ఏ భాగం తెగుతుందో చెప్పలేము. ర్యామ్ పరీక్షకు అయిదు నిమిషాలు చాలవు కూడా, గంటలు పడుతుంది. కాజీపేట వారు తమ కూలర్ ఇస్తామంటున్నప్పుడు ఈ సాహసం అవసరం లేదు.

ప్రశ్న అడిగినవారు (హనుమకొండ నుంచి)

అందరికీ కృతజ్ఞతలు. మా బోర్డు మీద 78 మిల్లీమీటర్ల రంధ్రాలు మాత్రమే ఉన్నాయి. నిన్న కాజీపేట వెళ్లి చిన్న కూలర్ తెచ్చుకున్నాను. దాని మీద ఎండిపోయిన పాత పేస్ట్‌ను తుడిచి, టవర్ కూలర్‌తో వచ్చిన కొత్త పేస్ట్ రాశాను. మొదటిసారికే తెర మీద బయోస్ కనిపించింది. పరిమితులను 65 వాట్లకు తగ్గించి, రాత్రంతా పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపితే రెండవ విడతలో తప్పులు కనిపించాయి. ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే అమరిక) తీసేసి మామూలు వేగంతో నడిపినా అవి పోలేదు. రెండు ర్యామ్‌లనూ విడివిడిగా, స్లాట్లు మార్చి చూశాను. ఏ స్లాట్‌లో పెట్టినా ఒకే ర్యామ్ తప్పులు చూపింది, రెండవది శుభ్రంగా ఉంది. మార్చి ఇచ్చే గడువుకు ఇంకా మూడు రోజులు ఉండగా దాన్ని ఈ ఉదయమే తిరిగి పంపించాను. ప్రస్తుతం 16 జీబీతోనే నాన్నగారు ఒక ఆల్బమ్ మొదలుపెట్టారు. బ్రాకెట్ ఇంకా రాలేదు.