పోర్ట్ అంటే స్టార్‌బోర్డ్‌కి పోతోంది, పిచ్చెక్కిపోతోంది

మొగగాలి:
పొద్దున్న ఆరింటి నుంచీ ఇదే పని, ఓడ తిప్పే ఆర్డర్ల ప్రాక్టీసు. ఇప్పుడు ఒంటిగంట, అన్నం కూడా తినలేదు. ఎడమ అంటే ఎడమకే తోస్తున్నానండీ బాబూ, అయినా కుడికే పోతోంది. మా బావ ఎదురుగా కూర్చుని కాగితంలో చూసి ఆర్డర్లు చదువుతున్నాడు. ‘పోర్ట్ టెన్’ అంటాడు, పోర్ట్ అంటే ఎడమ. నేనూ ‘పోర్ట్ టెన్’ అని తిరిగి చెప్పి తిప్పుతా. ముక్కు స్టార్‌బోర్డ్‌కి, అంటే కుడికి పోతుంది. పది డిగ్రీలు తిరిగాక ఆపేద్దామంటే ఆగదు. ‘మిడ్‌షిప్స్’ అన్నా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ‘స్టెడీ’కీ ‘స్టెడీ యాజ్ షీ గోస్’కీ తేడా ఏంటో మా ఇద్దరికీ తెలీదు. సోమవారం సిమ్యులేటర్ మీద పరీక్ష. మొన్న ప్రాక్టీస్‌లో సారు అందరి ముందూ ‘ఓడని గట్టెక్కించేవాడివి నువ్వేరా’ అన్నారు. అది మెచ్చుకోలు కాదు. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

రేవుమెట్టు:
అన్నం తినే చెయ్యి కుడి. రెండోది ఎడమ.

పాతసుకానీ:
దేని మీద తిప్పుతున్నావు బాబూ?

దాపలవలపల:
అసలు తప్పు ఇక్కడే మొదలవుతోంది. పోర్ట్, స్టార్‌బోర్డ్ అని అరువు మాటలు దేనికండీ? అరకకి కట్టిన ఎద్దుల్లో ఎడమది దాపల, కుడిది వలపల. ఎడ్లు తోలిన వాడు ఎవడైనా నిద్రలో కూడా పొరపడడు. కోరంగిలో ఓడలు కట్టి సముద్రం దాటించిన వాళ్ళం, మన మాటలు మనకి లేవా? చుక్కాని చూడండి, ఎంత చక్కటి తెలుగు మాట! రాత్రి చుక్కని చూసి నడిపేది కనుక చుక్కాని.

కోటిపల్లిగట్టు:
చుక్కాని తెలుగు కాదండి. అరబ్బీలో ‘సుక్కాన్’ అంటే చుక్కానే. ఓడల మీద చక్రం పట్టే మనిషిని సుకానీ అనడమూ అక్కడి నుంచే. చుక్కకీ దానికీ చుట్టరికం లేదు.

దాపలవలపల:
మన దగ్గర్నుంచే వాళ్ళు పట్టుకెళ్ళి ఉండొచ్చు కదా?

కోటిపల్లిగట్టు:
ఆయ్, ఉండొచ్చు. పూతరేకులు కూడా మనమే అరబ్బులకి నేర్పాం.

మొగగాలి:
అయ్యా, నా గొడవ ఎవరూ పట్టించుకోరా. పరీక్ష ఇంగ్లీషులోనే.

పాతసుకానీ:
అవును, ఇంగ్లీషులోనే. వాచ్ రేటింగ్‌కి, అంటే ఓడ మీద కాపలా డ్యూటీ చేసే నావికుడికి, ఏమేం రావాలో ఎస్‌టీసీడబ్ల్యూలో (ఓడ సిబ్బంది శిక్షణకి అంతర్జాతీయ ఒప్పందం) రాసిన పట్టికలోనే ఉంది, హెల్మ్ ఆర్డర్లు, అంటే చుక్కాని తిప్పే ఆర్డర్లు, ఇంగ్లీషులో విని పాటించాలని. కెప్టెన్ ఒక దేశం వాడు, రేవులో దారి చూపే పైలట్ ఇంకో దేశం వాడు, చక్రం పట్టేది మన కోనసీమ కుర్రాడు. దాపల అంటే ఎవరు తిప్పుతారండి?
బాబూ, రెండోసారి అడుగుతున్నా. చేతిలో ఉన్నది చక్రమా, పిడా?

మొగగాలి:
పిడి సార్. మా నాన్న ఫైబర్ పడవ, వెనక మోటారు. భైరవపాలెం దగ్గర పాయలో తిప్పుతున్నాం. అది వేరే చెప్పాలా, మా ఊళ్ళో అందరి పడవలూ అవే కదా.

రేవుమెట్టు:
🤦

పాతసుకానీ:
అదీ సంగతి! ముందే చెప్పి ఉంటే ఈపాటికి అన్నం తినేవాడివి. పిడిని ఎడమకి తోస్తే మోటారు కింది భాగం కుడికి తిరుగుతుంది, పడవ ముక్కు కూడా కుడికే పోతుంది. చక్రం అలా కాదు, ఎడమకి తిప్పితే చుక్కానీ ఎడమకే, ఓడ ముక్కూ ఎడమకే. చిన్నప్పటి నుంచీ పిడి పట్టిన చెయ్యి నీది. సిమ్యులేటర్‌లో కంగారు పుట్టగానే పాత అలవాటు బయటికి వస్తోంది. సోమవారం దాకా ఆ పడవ ముట్టుకోకు. దానికంటే సైకిలు నయం.

ఇంకొకటి. ‘పోర్ట్ టెన్’ అంటే ఓడని పది డిగ్రీలు తిప్పమని కాదు. చుక్కానిని పోర్ట్‌కి పది డిగ్రీల మీద పెట్టి, తర్వాతి ఆర్డర్ వచ్చేదాకా అక్కడే ఉంచమని. ఓడ ఎంత తిరిగిందన్నది ఆఫీసరు చూసుకుంటాడు. నీ కన్ను చుక్కాని కోణం చూపించే ముల్లు మీద ఉండాలి. ఆర్డర్ తిరిగి చెప్పు, తిప్పు, ముల్లు పది మీదికి వచ్చాక ‘వీల్ పోర్ట్ టెన్’ అని మళ్ళీ చెప్పు. నోరు నొప్పెట్టినా సరే, మౌనంగా మాత్రం తిప్పకు.

సాయంత్రపుగాలి:
పిడి సంగతి వచ్చింది కాబట్టి: పూర్వం పెద్ద ఓడల్లో కూడా ఆర్డర్లు పిడి లెక్కనే ఇచ్చేవాళ్ళు, అంటే పిడి ఎటు పోవాలో ఆ వైపు పేరే చెప్పేవాళ్ళు. 1912లో టైటానిక్ మీద మంచుకొండ కనపడగానే ఇచ్చిన ఆర్డర్ ‘హార్డ్ ఎ స్టార్‌బోర్డ్’. ఓడ తిరిగింది పోర్ట్‌కి. బ్రిటిష్ ఓడల్లో 1930ల్లో గానీ ఈ పద్ధతి మారలేదు.

రేవుమెట్టు:
అందుకే మునిగింది.

సాయంత్రపుగాలి:
అందుకు కాదండి. అప్పట్లో బ్రిటిష్ ఓడల్లో వాడుకే అది, చక్రం పట్టినవాడు సరిగ్గానే తిప్పాడు. వేగం గురించి మాట్లాడండి.

రేవుమెట్టు:
ఆర్డర్ ఒకటి, తిరిగేది ఇంకొకటి. అది గందరగోళం కాకపోతే మరేంటి?

సాయంత్రపుగాలి:
మీకు గందరగోళం. వాళ్ళకి కాదు.

మొగగాలి:
సరే సార్, మరి మిడ్‌షిప్స్ అన్నాక ఎందుకు ఆగదు? స్టెడీ సంగతి?

పాతసుకానీ:
మిడ్‌షిప్స్ అంటే చుక్కాని మధ్యకి తేవడం, అంతే. ఓడకి తిరిగే ఊపు అలాగే ఉంటుంది. ‘స్టెడీ’ అంటే ఆ ఊపుని వీలైనంత త్వరగా చంపు. దానికి ఎదురు వైపు కొంచెం చుక్కాని ఇవ్వాలి, మరీ ఎక్కువిస్తే అటు తిరగడం మొదలెడుతుంది. ‘స్టెడీ యాజ్ షీ గోస్’ అంటే, ఆ మాట చెవిన పడిన క్షణంలో కంపాస్ మీద ఏ అంకె ఉందో అదే నీ దారి. ఆ అంకె గట్టిగా చెప్పాలి, ఒక్కో అంకె విడిగా. 182 అయితే ‘వన్ ఎయిట్ టూ’. ఓడ అప్పటికి ఐదు డిగ్రీలు దాటిపోయినా వెనక్కి తెచ్చి 182 మీదే నిలబెట్టాలి. మన కుర్రాళ్ళు ఎక్కువ మంది తప్పేది ఇక్కడే, ఓడ ఎక్కడ ఆగితే అదే దారి అనుకుంటారు.

కంపాస్ చక్రం తిరుగుతున్నట్టు కనపడుతుంది గానీ అది కదలదు. తిరిగేది ఓడ, దానితో పాటు ఎదురుగా ఉండే గీత. కావలసిన అంకె గీతకి కుడి వైపు ఉంటే కుడికి తిప్పు. అంకె వెనక పరిగెత్తావో, పాము నడకే.

కోటిపల్లిగట్టు:
చుక్కాని ఎంతవరకు తిరుగుతుంది గురువుగారూ? లాంచీల్లో ఎప్పుడూ కొలవలేదు.

పాతసుకానీ:
మామూలుగా ఇటు 35, అటు 35. ఓడ పూర్తి వేగంతో పోతున్నప్పుడు ఈ కొస 35 నుంచి ఆ వైపు 30కి 28 సెకన్లు దాటకుండా రావాలని సోలాస్ (సముద్రం మీద ప్రాణరక్షణకి అంతర్జాతీయ ఒప్పందం) నియమం. నీళ్ళు చుక్కానిని తగులుతూ పారితేనే అది పని చేస్తుంది, నెమ్మదిస్తే మొండికేస్తుంది. ఓడ అడుగున నీళ్ళు తక్కువున్న చోట మరీను. ఓడ మాట వినకపోతే వెంటనే ఆఫీసరుకి చెప్పాలి, నీలో నువ్వు కుస్తీ పట్టకూడదు.

దాపలవలపల:
‘చుక్కాని మొండికేసింది’ అన్నారు చూశారా, ఇంగ్లీషులో ఇంత అందంగా అనగలరా?

నరసాపురంవాసి:
మధ్యలో అడ్డొచ్చినందుకు ఏమనుకోకండి. సఖినేటిపల్లి రేవులో పంటు ఇవాళ తిరుగుతోందా? కారు దాటించాలి.

రేవుమెట్టు:
అది వేరే గ్రూపు.

మొగగాలి:
థాంక్స్ సార్. మోటారు ఆపేశాం, బావ వలేసుకుని కూర్చున్నాడు. సైకిలు గాలి లేదు, చూడాలి.