నాయకుడి గుణం గురించి ఓటర్లని అడగాలంటే ఎలా అడగాలి? కాగితాల్లో ఎలా చూడాలి?

జీడితోట (నరసన్నపేట వైపు):
అందరికీ నమస్కారం. మా యువజన సంఘం తరఫున మూడు పంచాయతీల్లో ఓటర్లని అడగడానికి ఒక కాగితం తయారుచేశాం. "నాయకుడిలో మీకు కావల్సిన గుణమేటి?" అని అడిగి, కింద నిజాయితీ, ధైర్యం, చదువు, అందుబాటు, సేవాభావం అని ఐదు గడులు పెట్టాం. ముందు ఒక వీధిలో అడిగి చూస్తే దాదాపు అందరూ నిజాయితీకే టిక్కు పెట్టేశారు. అంత నిజాయితీ కోరే వీధిలో పోలింగు ముందురోజు రాత్రి ఏటవుతుందో చెప్పక్కర్లేదు. తప్పు జనానిదా, మా కాగితానిదా? రెండోది, అభ్యర్థి ఎలాంటివాడో రికార్డుల్లో పట్టుకునే దారి ఉంటే అదీ చెప్పండి.

సర్వేసంచి (విజయనగరం):
తప్పు కాగితానిదే. నిజాయితీ కావాలా అంటే వద్దనేవాడు ఉంటాడా? ఒకటి వదులుకుంటే గానీ ఇంకోటి దక్కని విధంగా జతలు కట్టి అడగాలి. ఉదాహరణకి:

"ఒకడు రూపాయి తినడు గానీ ఫోనెత్తడు. ఇంకొకడు కమిషన్ తీసుకుంటాడని ఊరంతటికీ తెలుసు, కానీ అర్ధరాత్రి పెద్దాసుపత్రిలో మంచం కావాలన్నా పలుకుతాడు. ఎవరికి వేస్తారు?"

"ఒకడు మన ఊరివాడే, మండలాఫీసులో అతని మాట చెల్లదు. ఇంకొకడు పొరుగు మండలం వాడు, కలెక్టరాఫీసులో పని చేయించుకొస్తాడు."

"ఒకడు మీ తమ్ముడికైనా రూలు రూలే అంటాడు. ఇంకొకడు మనవాడే కదా అని చూసీచూడనట్టు పోతాడు."

ఈ మూడో ప్రశ్న దగ్గర జనం కాసేపు ఆగుతారు. నిజాయితీ అంటే పక్కవాడి విషయంలో నిజాయితీ అనుకునేవాళ్లు ఎంతమందో అక్కడ బయటపడుతుంది.

ఆరేడు జతలు చాలు, ఎక్కువైతే విసుగొచ్చి ఏదో ఒకటి అనేస్తారు. సగం కాగితాల్లో జత వరస తిరగేసి అచ్చు వేయించండి. చదివి వినిపిస్తే చివర విన్నదానికి, తానే చదువుకుంటే ముందు కనబడ్డదానికి మొగ్గుతారు. రామమందిరం అరుగు మీద, ఉపాధి పని దగ్గర గుంపులో అడగొద్దు. ఒక పెద్దమనిషి నోరు విప్పితే మిగతావాళ్లది అదే మాట. ఇంటికెళ్లి ఒక్కొక్కరినే అడగండి, ఆడవాళ్లని మీ సంఘంలో ఆడపిల్లలు అడగాలి.

ఇళ్లు ఎంచుకోవడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. ఊరి మొదట్లోంచి వరసగా పోతే ఒక వీధి, అంటే చాలా ఊళ్లలో ఒకే కులం, జవాబులే వస్తాయి. ఓటర్ల జాబితా దగ్గర పెట్టుకుని, ఒకటి నుంచి పదిహేను వరకూ చీటీలు వేసి ఒక నంబరు తియ్యండి. అక్కణ్ణుంచి ప్రతి పదిహేనో ఇల్లు. తాళం వేసి ఉంటే పక్కింటికి జారిపోవద్దు, మళ్లీ రెండుసార్లు వెళ్లండి. అప్పటికీ దొరక్కపోతే వలస ఇల్లని వేరే లెక్క రాయండి. గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీదకి వెళ్లిన మత్స్యకారులు, విజయవాడ, చెన్నై కూలి పనులకి పోయినవాళ్లు లేకుండా తీసిన లెక్క మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల లెక్క కాదు.

డబ్బు గురించి "మీరు తీసుకుంటారా" అనకండి. "మీ వీధిలో డబ్బు తీసుకుని కూడా తమకి నచ్చినవాడికే వేసేవాళ్లు కొందరా, సగం మందా, ఎక్కువమందా?" అని అడగండి. వీధి పేరు చెప్పి తన మనసే చెబుతాడు.

చివర ఒక ఖాళీ ప్రశ్న ఉంచండి: "పోయినసారి గెలిచిన మనిషి చేసిన పనుల్లో మీకు కోపం తెప్పించింది ఒకటి చెప్పండి." జవాబు వాళ్ల మాటల్లోనే రాయాలి. "వెళ్తే కుర్చీ వెయ్యలేదు" అంటే "కుర్చీ వెయ్యలేదు" అనే రాయండి, "మర్యాద లోపం" అని సాపు చెయ్యకండి. అలాగే సోంపేట, బారువ వైపు పెద్దవాళ్లు గౌతు లచ్చన్న గారి పేరు ఎత్తితే నిజాయితీ గడిలో వేసెయ్యకండి. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లినవాడు, జమీందారీకి ఎదురుగా రైతులతో నడిచినవాడు ఆయన. వాళ్లు కొలుస్తున్నది "మనకోసం ఏటి పోగొట్టుకున్నాడు" అని. మీ ఐదు గడుల్లో ఆ గుణమే లేదు.

నాగావళి గట్టు:
రికార్డుల సంగతి నేను చెబుతాను. అసెంబ్లీకి, పార్లమెంటుకి నిలబడే ప్రతివాడూ ఫారం 26 అఫిడవిట్ (తన కేసులు, ఆస్తులు, అప్పులు ప్రమాణం చేసి రాసిచ్చే కాగితం) ఇవ్వాలి. 2002, 2003 సుప్రీంకోర్టు తీర్పుల వల్ల ఓటరుకి వచ్చిన హక్కు ఇది. ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్లో దొరుకుతుంది. చివర పార్ట్ బి అని ఒక సారాంశం ఉంటుంది, జనం అదొక్కటే చూసి వదిలేస్తారు. సరుకంతా పార్ట్ ఎ లోనే.

కేసుల దగ్గర సంఖ్య చూడొద్దు, సెక్షన్లు చూడండి. ధర్నాలో కూర్చున్నవాడికి పాత ఐపీసీలో 188 (అధికారి ఉత్తర్వు మీరడం), 143 (చట్టవిరుద్ధంగా గుమిగూడడం) లాంటివి పది ఉండొచ్చు. 420 (మోసం), 409 (ప్రభుత్వోద్యోగి లాంటివాళ్లు అప్పగించిన సొమ్ము కాజెయ్యడం), 354 (ఆడవాళ్ల మీద దౌర్జన్యం), 307 (హత్యాయత్నం) ఒక్కటున్నా ఆగి చదవాలి. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాల కేసులైతే కొత్త చట్టం, భారతీయ న్యాయ సంహిత, కింద నంబర్లు మారాయి: 188 ఇప్పుడు 223, 420 ఇప్పుడు 318(4), 307 ఇప్పుడు 109, 354 ఇప్పుడు 74. పక్కనే కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా అన్న గడి ఉంటుంది. ఉత్త ఎఫ్ఐఆర్‌కీ దానికీ చాలా తేడా. కేసులున్న అభ్యర్థి వాటిని పత్రికల్లో, టీవీలో మూడుసార్లు ప్రకటించాలని 2018లో, అలాంటివాణ్ణే ఎందుకు ఎంచుకున్నారో పార్టీ కారణం చెప్పాలని 2020లో కోర్టు అంది. "గెలుస్తాడు కాబట్టి" అన్నది కారణం కింద చెల్లదని కూడా అంది. ఆ కారణాల ఫారం సీ7, పార్టీ వెబ్‌సైట్లో పెట్టాలి. చదవండి, కాలక్షేపం కూడా.

ఆస్తులకి రెండు ఎన్నికల అఫిడవిట్లు పక్కపక్కన పెట్టుకోవాలి. మొత్తం మూడింతలైందని గోల చెయ్యడం తప్పు. అదే సర్వే నంబరు పొలం ధర పెరిగితే అది సంపాదన కాదు. కొత్తగా కొన్నవే ఏరండి. ఊహాలెక్క: ఐదేళ్ల ఐటీ రిటర్నుల ఆదాయం, భార్యాభర్తలిద్దరిదీ కలిపి, 42 లక్షలు. కొత్త ఇంటి స్థలం 60 లక్షలు, కారు 18 లక్షలు, కొత్త అప్పు 20 లక్షలు. స్థలం, కారు కలిపి 78, అందులో అప్పు 20 తీస్తే 58. ఆదాయం 42 పోగా, తిండీ బట్టా లెక్కెయ్యకుండానే ఇంకో 16 లక్షలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తేలాలి. దొంగ అనెయ్యకండి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, పాత భూమి అమ్మి ఉండొచ్చు, వారసత్వం రావొచ్చు. అందుకే పాత అఫిడవిట్లో ఉన్న సర్వే నంబరు కొత్తదాంట్లో మాయమైందేమో చూడాలి. మాయమైతే అమ్మాడన్నమాట, లెక్క కుదరొచ్చు. కుదరకపోతే సభలో అడగడానికి మీకో ప్రశ్న దొరికినట్టు.

ప్రభుత్వ కాంట్రాక్టుల గడి మరిచిపోకండి. రోడ్డు పని ఎవరి పేరు మీద ఉందో అక్కడ కొంత తెలుస్తుంది. పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం నడుపుతుంది, పార్టీ గుర్తులూ ఉండవు, కాబట్టి ఆ అభ్యర్థుల కోసం ఈ పోర్టల్లో వెతక్కండి.

వంశధార:
అఫిడవిట్ మంచిదే గానీ, అది చదివి ఓటేసేవాడు ఎంతమంది అన్నాయ్? మన దగ్గర జనం కొలిచేది "పలుకుతాడా, పలకడా". దాన్ని వెటకారం చెయ్యకండి. ఆఫీసులో మ్యుటేషన్ (భూమి రికార్డులో పేరు మార్పు) దానంతటది అయిపోతే ఎమ్మెల్యే ఫోనుతో పనేటి? అవ్వదు కాబట్టే గట్టివాణ్ణి వెతుక్కుంటారు, ఆ గట్టివాడి మీద కేసులున్నా సర్దుకుంటారు.

కాకపోతే అందుబాటులోనూ కల్తీ ఉంది. చావుకొచ్చాడు, పెళ్లికొచ్చాడు అన్నది అందుబాటు కాదు, హాజరు. అర్జీతో పరీక్షించండి. అర్జీ తీసుకున్నాక జేబులో పెట్టాడా, పీఏ చేత పుస్తకంలో రాయించాడా? సంబంధిత ఆఫీసరు పేరు చెప్పాడా? సోమవారం కలెక్టరేట్ ప్రజా సమస్యల పరిష్కార వేదికలో వేసి రసీదు నంబరు తెచ్చుకోమన్నాడా, "నేను చూసుకుంటా"నని పంపేశాడా? ఎప్పుడూ "నేను చూసుకుంటా" అనేవాడు మిమ్మల్ని మళ్లీ మళ్లీ గుమ్మం తొక్కించుకోవాలనుకునేవాడు.

హామీకీ అంతే. "ఉద్దానానికి నీళ్లిస్తాం" అంటే ఏ రిజర్వాయర్ నుంచి, ఏ ఊళ్లకి, కుళాయి రోజుకెన్ని గంటలు, కరెంటు బిల్లు ఎవరు కడతారు అని అడగండి. నాలుగింట్లో రెండు చెప్పగలిగినవాడు ఆ పని గురించి ఎంతోకొంత ఆలోచించినవాడే. నాలుగింటికీ "అన్నీ చూస్తాం" అంటే వదిలెయ్యండి.

పాత సర్పంచే మళ్లీ నిలబడితే పని సులువు. ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్లో పంచాయతీ ఖర్చు ఉంటుంది. అక్కడ తేలకపోతే సమాచార హక్కు కింద అడగండి: మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల గడువు. "కాలవల ఖర్చు చెప్పండి" అంటే ఏదో ఒకటి రాసిస్తారు. ఫలానా ఆర్థిక సంవత్సరం, ఫలానా వీధి కాలవ, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకలు, ఓచరు నకలు అని విడివిడిగా రాయండి. టేపు పట్టుకెళ్లి ఎం-బుక్‌లో పొడవుతో కాలవ కొలిస్తే మనిషి గుణం మీటర్లలో తెలుస్తుంది.

జీడితోట:
జతల ప్రశ్నలు ఈ రాత్రే రాస్తాం. ఒక్క సందేహం: అఫిడవిట్లో గడి ఖాళీగా వదిలేస్తే?

నాగావళి గట్టు:
ఖాళీ వదలకూడదు. లేకపోతే "లేదు" అని, సంబంధం లేకపోతే "వర్తించదు" అని రాయాలి. ఖాళీ ఉంటే రిటర్నింగ్ అధికారి నింపమని గుర్తు చేస్తారు. అయినా నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చని 2013 తీర్పు. అబద్ధం రాస్తే వేరే సంగతి: పరిశీలనలో నామినేషన్ అంత తేలిగ్గా పోదు, ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ కింద కేసవుతుంది, ఆరు నెలల వరకూ జైలో, జరిమానానో, రెండూనో. మీ దగ్గర ఆధారం ఉంటే నోటరీ చేయించి ఎదురు అఫిడవిట్ రిటర్నింగ్ అధికారికి ఇవ్వొచ్చు. అదీ అభ్యర్థి అఫిడవిట్‌తో పాటే బయట పెడతారు. ప్రమాణం చేసి ఇచ్చేది కాబట్టి విన్నవి రాయకండి, సర్వే నంబరో డాక్యుమెంటు నంబరో చేతిలో ఉన్నవే రాయండి.