క్ర్యూనిట్స్ శీర్షికలో ‘ష్టట్’ ఉందా, లేదా?

అరసున్న: బెర్లిన్ వైద్యుడు క్ర్యూనిట్స్ 1773లో మొదలుపెట్టిన గృహ విజ్ఞానసర్వస్వం శీర్షిక నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. ‘సిస్టేమ్ డేర్ ష్టాట్స్, హౌస్ ఉంట్ లంట్‌విర్ట్‌షఫ్ట్’, అంటే రాజ్య, గృహ, వ్యవసాయ నిర్వహణ విధానం. నడక కుంటుతోంది. ఎక్కడో ఒక అక్షరం జారిపోయింది.

శకటరేఫం: జారింది ‘ష్టట్’. ష్టాట్స్, ష్టట్, హౌస్ ఉంట్ లంట్‌విర్ట్‌షఫ్ట్. దీర్ఘమైతే రాజ్యం, హ్రస్వమైతే పట్టణం. 242 సంపుటాల గ్రంథం నుంచి ఊళ్లకు ఊళ్లు లేపేశారు మీరు!

పొల్లు: తొందరపడకండి శకటరేఫం గారూ. మొదటి సంపుటంలో మూడే ఉన్నాయి, అదీ వేరే వరుసలో: ‘లంట్, హౌస్ ఉంట్ ష్టాట్స్‌విర్ట్‌షఫ్ట్’. ఫ్రెంచి నుంచి అనువదించి, చేర్పులు చేశామని ముఖపత్రం మీదే వేసుకున్నారు. రాజ్యం ముందుకు రావడం, పట్టణం చేరడం తర్వాతి సంగతులు.

శకటరేఫం: అంటే అరసున్న గారి పాఠం మొదటి సంపుటంలోనూ లేనిదన్నమాట.

అరసున్న: నేను విన్నది రాజ్యంతోనే మొదలవుతుంది. ష్టాట్స్, ష్టట్ పక్కపక్కనే వస్తే చెవికి ఒకటిగా కలిసిపోవూ?

శకటరేఫం: ఎలా కలుస్తాయి? ఒకటి దీర్ఘం.

పొల్లు: ఛందస్సులో రెండూ గురువులే. పొల్లు హల్లు వెనక ఉందిగా.

దంత్య చ: హ్రస్వదీర్ఘాలు అలా ఉంచండి, ‘విర్ట్‌షఫ్ట్’ సంగతి ఎవరూ పట్టించుకోరే! ‘విర్ట్’ అంటే వచ్చినవారికి అన్నం పెట్టే ఇంటి యజమాని. కాబట్టి అది మన ‘సంసారం’. రాజ్య సంసారం, ఇంటి సంసారం, పొలం సంసారం. రైతును ‘సంసారి’ అనే ఊళ్లు మనకు లేవా? అసలు ఈ విద్య క్ర్యూనిట్స్‌ది కాదు. అంతకు ముందే, 1682లో, హోబెర్గ్ న్యూరెంబర్గ్‌లో ‘గెయోర్గికా కురియోజా’ అనే ఇల్లు, సేద్యాల గ్రంథం అచ్చువేయించాడు. ఇంటి తండ్రికి ఒక భాగం, ఇంటి తల్లికి మందులతో సహా మరో భాగం, ఆపైన ద్రాక్షతోటలు, గుర్రాలు, తేనెటీగలు. ఆయన స్వతహాగా కవి. హాబ్స్‌బర్గ్ వంశం మీద మహాకావ్యం రాశాడు. ‘గెయోర్గికా’ అన్న పేరు కూడా రోమన్ కవి వర్జిల్ సేద్య కావ్యం నుంచి తెచ్చుకున్నదే. అందులో నాలుగో సర్గలో తేనెటీగలను చదివినవారికి వేరే చెప్పాలా?

శకటరేఫం: వానాకాలంలో వరుగులు, పెరుగు, వడియాలు ఎలా వడ్డించాలో రాయలవారు ఒక్క పద్యంలో చెప్పారు. దానికి సంపుటాలు అక్కర్లేదు.

అరసున్న: నా ప్రశ్న శీర్షిక గురించి...

పొల్లు: క్ర్యూనిట్స్‌కే ఆ గ్రంథం పూర్తికాలేదు. 1796లో, ‘శవం’ అన్న పదం కింద వ్యాసం రాస్తూ పోయాడంటారు. మిగతావారు 1858 దాకా లాగారు. ఇంకో మాట, పాత అచ్చులో అది ‘విర్ట్’ కాదు. ‘ట’ పక్కన ‘హ’ కూడా ఉంది.

శకటరేఫం: ఆ ‘హ’ పలకదు.

దంత్య చ: పలకనిదాన్ని ఎందుకు రాస్తారో అరసున్న గారే చెప్పాలి.