జలతరంగానికి పూర్తి కచేరీ ఇవ్వాలా, అరగంట చాలా?

ద్వారకానగర్ శ్రోత:
ఈ మధ్య వైజాగ్‌లో ఒక జలతరంగం (నీళ్లు పోసిన పింగాణీ గిన్నెల వాద్యం) కచేరీ విన్నాను. పక్కన వయొలిన్, మృదంగం ఉన్నాయి. హంసధ్వని రాగం వింటుంటే ఎంతో హాయిగా అనిపించింది. తోడి రాగం ఆలాపనకి (తాళం లేకుండా రాగాన్ని విస్తరించడానికి) వచ్చేసరికి మాత్రం రాగం కనబడలేదు. తోడిలో గాంధారం (గ స్వరం) ఊగాలి కదా! పింగాణీ గిన్నె మీద పుల్లతో కొడితే స్వరం కదలదు, కార్వై (సాగదీసి పట్టుకున్న స్వరం) నిలవదు. నా ఉద్దేశంలో దీనికి అరగంట చాలు. మీరేమంటారు?

మృదంగం విద్యార్థి:
నేను ఒప్పుకోనండీ. గమకం (స్వరాన్ని ఊపడం) పలకదన్న వాదనతోనే ఆకాశవాణి హార్మోనియాన్ని 1940 నుంచి 1971 దాకా దూరం పెట్టింది. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ గారు మాండలిన్ మీద ఏ రాగం వదిలారు?

ద్వారకానగర్ శ్రోత:
మాండలిన్‌కి తీగ ఉంది, లాగొచ్చు. గిన్నెని లాగలేం కదా.

పాత వయొలిన్ మాస్టారు:
లాగలేం, నిజమే. కానీ కొట్టిన వెంటనే పుల్లతో నీటిని తాకితే స్వరం కొద్దిగా జారుతుంది. సీతా దొరైస్వామి గారు, ఆనయంపట్టి గణేశన్ గారు ఈ వాద్యం మీద ఏళ్ల తరబడి కచేరీలు చేశారు. తంబురా శ్రుతికి ఒక్కో గిన్నెనీ కలపడమే పెద్ద పని. నీళ్లు పోస్తే శ్రుతి దిగుతుంది, తీస్తే పెరుగుతుంది, ఒక్క చెంచా తేడా వచ్చినా చెవికి తెలిసిపోతుంది. అంత కష్టపడి కూర్చున్న మనిషికి అరగంట ఇచ్చి లేవమనడం అన్యాయం. అసలు తప్పు రాగం ఎంపికలో ఉంది. తోడి, సహాన లాంటి గమకాల రాగాలు ఈ వాద్యం మీద రుద్దకూడదు. కదనకుతూహలం లాంటి నిలకడ స్వరాల రాగాలు దీని మీద మెరుస్తాయి. ప్రధాన రాగంగా మోహన తీసుకోవచ్చు.

మృదంగం విద్యార్థి:
మాస్టారూ, అసలు బలం కల్పనస్వరాల్లో (అప్పటికప్పుడు అల్లే స్వరాల్లో) ఉందండీ. ఇది కొట్టి వాయించే వాద్యం కాబట్టి కోర్వై అనే లయ అల్లిక ముగింపులో ప్రతి దెబ్బా మృదంగంతో కలిసి స్పష్టంగా పడుతుంది. అక్కడ గాత్రం కంటే కూడా బాగుంటుందని నాకనిపిస్తుంది.

ద్వారకానగర్ శ్రోత:
మధ్యమకాల (కాస్త వేగంగా నడిచే) కృతులు, స్వరాలు ఎక్కువ పెట్టి, ఆలాపన కుదిస్తే రెండు గంటలు కూర్చుంటాను. తోడి విషయంలో మాత్రం నా మాట మారదు.

పాత వయొలిన్ మాస్టారు:
తోడి కావాలంటే వయొలిన్‌కి వదిలేయమనండి. తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వాయించే భాగం) మాత్రం కుదించొద్దు. వైజాగ్ కళాభారతి ఆడిటోరియంలో ఎవరైనా ఇలాంటి కచేరీ పెట్టిస్తే నేను ముందు వరుసలో ఉంటాను.